పోటెక్కే లోపు

రేపల్లె ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఉదయం ఎనిమిదీ ఇరవై. వార్డు గుమ్మంలో ఇద్దరు కానిస్టేబుళ్ళు అడ్డంగా నిలబడ్డారు. అందులో పెద్దవాడు నన్ను చూసి పక్కకి జరిగాడు. ముప్పై నాలుగేళ్ళు ఖాకీ తొడిగి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనదాన్ని, ఆ మాత్రం మర్యాద ఇంకా మిగిలే ఉంది. ఇప్పుడు తెనాలిలో ఓ టైలరింగ్ షాపు మీద గదిలో 'ప్రేమకుమారి డిటెక్టివ్ సర్వీసెస్' అని బోర్డు పెట్టుకున్నాను. గొప్ప గొప్ప కేసులేమీ రావు. వచ్చేవన్నీ పెళ్ళి ఎంక్వయిరీలే. కుర్రాడు తాగుతాడా, పేకాడతాడా, ఎవరన్నా అమ్మాయి ఉందా, అంతే.

ఇవాళ ఏడున్నర దాటాక కింద షాపు షబ్నం ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"అక్కా, మా నవాజ్‌ని పోలీసులు పట్టుకున్నారు. శ్రీవత్సని వీడే చంపేశాడంటున్నారు."

నవాజ్ ఆమె తమ్ముడు, సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. శ్రీవత్స పేరు నాకు కొత్త కాదు. బాపట్లలో రిటైరైన సంస్కృతం మాష్టారు వెంకట సుబ్బయ్య గారి ఒక్కగానొక్క కొడుకు. అడవులదీవి పక్క మడ అడవుల్లో చెట్లు లెక్కపెట్టే సర్వే ఉద్యోగం. ఏడు వారాల కిందట పెళ్ళికూతురి తరఫున ఆ కుర్రాడి మీద ఎంక్వయిరీ చేసింది నేనే. 'అమ్మాయిల వ్యవహారాలు లేవు. సెలవు రోజుల్లో కూడా స్నేహితుడితో కలిసి సర్వే పనే. నడవడిక ఉత్తమం' అని సంతకం పెట్టి మరీ ఇచ్చాను. ఆ కాగితం చూసుకునే ఇవాళ పదకొండు గంటలకి తాంబూలాలు పెట్టుకున్నారు.

మంచం మీద నవాజ్ కళ్ళకి కట్టు. కాళ్ళనిండా గుచ్చుకున్న గాయాలు. అరచేతులు రెండూ పొక్కిపోయి ఉన్నాయి. ఎవరి అడుగు వినపడినా లేచి కూర్చుని, "సార్, టైమెంతయింది? బోటు పంపించారా సార్?" అంటున్నాడు.

కిటికీ దగ్గర నిలబడ్డ ఎస్సై అభిరామ్ నన్ను చూసి మొహం చిట్లించాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు.

"మీకేం పని మేడమ్? ఇది పెళ్ళి ఎంక్వయిరీ కాదు."

"పెళ్ళికొడుకు దొరికితేనే కదండీ పెళ్ళి. ఏమంటున్నాడు ఇతను?"

"కథలు చెబుతున్నాడు. తెల్లారుజామున శ్రీవత్స అడవిలో బురదలో కూరుకుపోయాడంట. వీడు సాయం కోసం వచ్చాడంట. కానీ శ్రీవత్స బండి పెనుమూడి వంతెన మీదుంది. ఏడింటికి అక్కడ లేదు, ఏడుంపావుకి లారీ డ్రైవర్ చూసి ఫోన్ చేశాడు. అడవికీ వంతెనకీ ముప్పై కిలోమీటర్లు. బండి బయటికొచ్చాక మనిషి అడవిలో ఎలా ఉంటాడు? ఆ బండి తాళం ఎక్కడ దొరికిందో తెలుసా? వీడి ప్యాంటు జేబులో."

"అయితే మీరనేది?"

"వంతెన మీద గొడవపడ్డారు, వీడు తోసేశాడు. గజ ఈతగాళ్ళని నదిలోకి దింపాను. రాత్రంతా అడవిలో ఏం చేశారయ్యా అంటే సర్వే అంటాడు. చీకట్లో సర్వే ఏంటండీ? మొదటి మాటే అబద్ధమైతే మిగతావి నేనెందుకు నమ్మాలి?"

మాట కాదనడానికి లేదు. నేనైనా అలాగే అనుకునేదాన్ని. ఐదు నిమిషాలు మాట్లాడనివ్వమన్నాను. వాచీ చూపించి బయటికెళ్ళాడు.

మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. అవతలి వైపు షబ్నం తమ్ముడి భుజం పట్టుకుని ఉంది.

"కళ్ళకేమైంది నాయనా?"

"బురద పడిందన్నారు డాక్టరు గారు."

"బురద పడితే అరచేతులు పొక్కవు. కొమ్మలేమన్నా విరిచావా? తెల్లగా పాలు కారే చెట్టువి?"

అతను నా గొంతు వైపు తిరిగాడు. "మీకెలా తెలుసాంటీ? వాడు నడుము దాకా దిగిపోయాడు. కింద పరిస్తే కాళ్ళు ఆనతాయని ఏ కొమ్మ దొరికితే అది విరిచా. వాడేమో వద్దురా, ఆ చెట్టు ముట్టుకోవద్దురా అని అరుస్తూనే ఉన్నాడు. నా మీద కోపంతో వద్దంటున్నాడనుకున్నా. చేత్తో మొహం తుడుచుకున్నా. అంతే, కళ్ళు మండి లోకం మూసుకుపోయింది."

తిల్ల చెట్టు. నిజాంపట్నం వైపు పనిచేసినప్పుడు చూశాను. ఆ పాలు కంట్లో పడితే రెండు మూడు రోజులు ఏమీ కనపడదు. అక్కడి చేపలవాళ్ళు చచ్చినా దాని కొమ్మ విరవరు. తెనాలి కుర్రాడికేం తెలుస్తుంది? పెనుమూడి వంతెన మీద తిల్ల చెట్టు లేదు. ఇతను చెప్పేది నిజం. అంటే శ్రీవత్స ఈ నిమిషంలో కూడా బురదలో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ?"

"మా మంచె దగ్గర. కాలవ పేరు తెలీదు. నావ ఎప్పుడూ వాడే నడుపుతాడు. ఆటుకి నీళ్ళు తీసి నావ బురదలో ఆగిపోయింది. అందుకే నడిచి పోదామని దిగాడు. నేను పాక్కుంటూ కాలవలో పడ్డా. ఎటు కొట్టుకుపోయానో తెలీదు."

"బండి తాళం నీ దగ్గరెందుకుంది?"

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది. వాడు పారేసుకుంటాడు."

"సర్వే అని ఎందుకు చెప్పావు?"

దుప్పటి అంచు పట్టుకుని నలుపుతున్నాడు. షబ్నం కళ్ళు తుడుచుకుంది.

"చెప్పరా. నాకు నాలుగేళ్ళ నుంచి తెలుసు."

అతని మొహం చటుక్కున అక్క వైపు తిరిగింది. "నీకు... తెలుసా ఆపా?"

"తెలుసు. నువ్వే చెబుతావని చూస్తున్నా. ఇంకా దాచి ఎవర్ని కాపాడతావురా?"

అప్పుడు బయటపెట్టాడు. ఆరేళ్ళుగా వాళ్ళిద్దరూ ఒకరికొకరు. ఊళ్ళో ఎక్కడా చోటు లేక, చేపలవాళ్ళు వదిలేసిన ఆ మంచె బాగు చేసుకున్నారు. నిన్న సాయంత్రం తాంబూలాల సంగతి తేల్చుకోవడానికి వెళ్ళారు. ఇంట్లో చెప్పేస్తానని శ్రీవత్స, వద్దని ఇతను. తెల్లవార్లూ అదే గొడవ.

"చెప్పావంటే నన్ను మర్చిపో అన్నానాంటీ. మా అక్క షాపుకి ఎవరూ రారు, మసీదులో తలెత్తలేం అని భయపెట్టా. ఐదింటికి వాడు ఫోన్ తీసి ఎవరికో ఏదో పంపాడు. ఎవరికిరా అంటే చెప్పకుండా దిగి నడిచెళ్ళిపోయాడు. ఫోన్ కూడా వాడితోపాటే బురదలో పోయింది. నేను సరేనని ఉంటే వాడు దిగేవాడే కాదు."

నాకు సిగ్గేసింది. ఏడు వారాల కిందట నాలుగు ఆదివారాలు ఈ ఇద్దరి వెనకే తిరిగాను. రేవులో చేతులు పట్టుకుని నడవడం చూశాను. ఒక అమ్మాయి పక్కన కూర్చుంటే ఫోటో తీసేదాన్ని. మగపిల్లలు చేతులు పట్టుకుంటే మనూళ్ళలో ఎవరు చూస్తారు? చూసి కూడా స్నేహితులని రాసి సంతకం పెట్టాను. నా సర్వీసు తగలెయ్య!

వరండాలో యలమంద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నవాజ్‌ని కాలవలోంచి తీసిన పీతల వేట మనిషి.

"ఏడింటప్పుడమ్మా, పెద్ద కాలవలో నా వల గుంజని పట్టుకుని ఏలాడతన్నాడు. వెంటనే 108కి కొట్టా." ఫోన్ తీసి చూపించాడు. ఏడూ తొమ్మిది.

"ఇవాళ పోటు ఎప్పటికి?"

"అమాస ఎల్లి నాలుగో రోజు. పదకొండూ ఇరవైకల్లా నిండుద్ది. ఆ బాబు నడుం దాకా దిగుంటే పదిన్నరకే మునిగిపోద్దమ్మా. పిల్లకాలవలు పదిహేడున్నాయి. ఏ కాలవని ఎతికేది?"

వాచీ చూశాను. ఎనిమిదీ ముప్పై ఐదు. యలమందని వెంటనే రేవుకి పోయి పడవ సిద్ధం చెయ్యమని, అతని ఫోన్ మాత్రం తీసుకుని ఎస్సై ముందు పెట్టాను.

"చూడండి సార్. ఏడూ తొమ్మిదికి నవాజ్ అడవులదీవి కాలవలో గుంజ పట్టుకుని ఉన్నాడు. కళ్ళు కనపడవు. ఆరు నిమిషాల్లో పెనుమూడి వంతెన మీద బండి పెట్టాడా?"

అభిరామ్ ఆ టైము రెండుసార్లు చూశాడు. "అయితే తోడు ఇంకొకడున్నాడు."

"వాడికి తాళం ఎవరిచ్చారు? తాళం ఇతని జేబులో ఉందని మీరేగా అన్నారు!"

"మేడమ్, నాకు పాఠాలు చెప్పకండి."

"చెప్పను. నన్నా బండి దగ్గరికి తీసుకెళ్ళండి. పది నిమిషాల దారి. ఇక్కడ మనిద్దరం కొట్టుకుంటే అక్కడ పిల్లాడు పోతాడు."

పళ్ళు కొరుకుతూనే జీపెక్కమన్నాడు.

వంతెన చేరేసరికి ఎనిమిదీ యాభై. రెయిలింగు పొడుగునా జనం. కింద పడవల్లో ఈతగాళ్ళు. జనానికి దూరంగా తెల్లపంచె, కండువాతో వెంకట సుబ్బయ్య మాష్టారు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. సంగతి తెలిసి బస్సులో వచ్చారని కానిస్టేబుల్ చెప్పాడు.

బండి పదేళ్ళ పాతది. చుట్టూ ఒకసారి తిరిగాను. మొదట గేరు రాడ్ చూశాను. మడ బురదలో తిరిగి వచ్చినవాడు తొక్కితే నల్లటి బురద అంటుకుని ఉండాలి. దుమ్ము తప్ప ఏమీ లేదు. అద్దాలు రెండూ కిందికి వంచి ఉన్నాయి. శ్రీవత్స ఆరడుగుల మనిషి, ఆ అద్దాల్లో అతనికి తన మోకాళ్ళు తప్ప ఏమీ కనపడవు. సెంటర్ స్టాండు వేసి ఉంది. వంగి పెట్రోలు ట్యాంకు కింద చెయ్యి పెట్టాను.

"ఏం చూస్తున్నారు?" అన్నాడు అభిరామ్.

"మీ బండి ఆపినప్పుడు పెట్రోలు నాబ్ కడతారా సార్?"

"ఎవరు కడతారండీ ఈ రోజుల్లో?"

"ఇది కట్టేసుంది. తోసేసి పారిపోయేవాడు కట్టడు. దూకి చచ్చేవాడూ కట్టడు. స్కూటర్లు తోలిన కాలం మనిషి కడతాడు, చెయ్యి దానంతటదే పోతుంది. మా ఆయన కూడా పోయేదాకా కట్టేవారు. రెండో తాళం ఎక్కడుంటుంది సార్? ఇంట్లో."

ఇద్దరం ఒకేసారి మాష్టారి వైపు చూశాం.

దగ్గరికెళ్ళాను. "మాష్టారూ, తాళం ఇస్తారా?"

ఆయన వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం బొడ్లోకి పోయింది. తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు.

"మా వాడు నదిలో లేడమ్మా," అన్నారు. "ఎస్సై గారికి చెబుదామనే వచ్చాను. నోరు రాలేదు."

అభిరామ్ ముందుకొచ్చాడు. "గంట నుంచి నా మనుషులు నీళ్ళలో వెతుకుతుంటే మీరు చూస్తూ నిలబడ్డారా?"

"ఐదూ ఐదుకి ఫోన్లో వచ్చింది," అన్నారు మాష్టారు. అప్పజెప్పినట్టు చెప్పారు. "'నాన్నగారూ, ఇవాళ తాంబూలాలు వద్దు. నేను నవాజ్‌తోనే బతుకుతాను, స్నేహితుడిగా కాదు. ఎక్కడున్నామో ఇదిగో. తిట్టాలంటే వచ్చి తిట్టండి, దాక్కోం' అని. మ్యాపు కూడా పంపాడు. ఆటో మాట్లాడుకుని రేవుకి వెళ్ళాను. బండి అక్కడుంది. పదకొండింటికి ఇంటినిండా చుట్టాలు. అబ్బాయేడని ఎవరన్నా ఇటొచ్చి ఆ ఇద్దర్నీ అక్కడ చూస్తే? బండి అక్కడ కనపడకూడదు, అదొక్కటే తోచింది. నది దాటించేద్దామనుకున్నాను. వంతెన మధ్యకొచ్చేసరికి చేతులు వణికి నడపలేకపోయాను."

"రేవుకి ఎన్నింటికి వెళ్ళారు?"

"ఆరూ ఇరవై."

నవాజ్ చెప్పినదాన్ని బట్టి ఆరింటికి అతని కళ్ళు పోయాయి. ఆరున్నరకి కాలవలో పడ్డాడు. అంటే వాళ్ళు అరుస్తున్నప్పుడు ఈయన రేవులోనే ఉన్నారు.

"మాష్టారూ, కేకలేమన్నా వినపడ్డాయా?"

"విన్నానమ్మా. వత్సా, వత్సా అని. మా వాడి పేరే. ఇద్దరూ సరదాకి అరుచుకుంటున్నారనుకున్నాను." ఆగారు. "కాదు. అలా అనుకోవాలనుకున్నాను."

"కాపాడమని అరిచాడా?"

"అరిచాడు."

చెంప పగలగొడదామనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. ఆయన కళ్ళు చూసి దించుకున్నాను. ఆ మనిషికి నేను వెయ్యాల్సిన శిక్ష ఏమీ మిగల్లేదు.

"మీ అబ్బాయి నడుం దాకా బురదలో ఉన్నాడు. పదిన్నరకి మునిగిపోతాడు. ఆ మ్యాపేది?"

"చెరిపేశాను... ఎవరూ చూడకూడదని..."

ఫోన్ లాక్కున్నాను. సందేశం చెరిపారు గానీ, దాన్ని పట్టుకునే రేవుకి దారి చూసుకున్నారు. చూసిన దారి మ్యాపులో అలాగే ఉంది. రేవుకి కాస్త దూరంలో, పచ్చటి అడవి మధ్య ఎర్రటి చుక్క. అభిరామ్ నా భుజం మీంచి చూశాడు. అతని మొహంలో బింకం మొత్తం పోయింది.

"డ్రైవర్, బండి తియ్యి!" అని కేక పెట్టి, ఫోన్లో ఆసుపత్రికి చెప్పాడు. "ఆ కుర్రాణ్ణి అడవులదీవి రేవుకి తీసుకురండి. సంకెళ్ళేం వద్దు." తర్వాత నాతో, "కళ్ళు కనపడనివాణ్ణి ఎందుకని అడగను. మంచె నుంచి ఎటు నడిచాడో అతనికే తెలుసు," అన్నాడు. మొదటిసారి మాకు మాట కలిసింది.

పదింటికి రెండు నిమిషాల ముందు రేవులో పడవెక్కాం. ఇంజన్ దగ్గర యలమంద, మధ్యలో కళ్ళకి కట్టుతో నవాజ్, అతనికెదురుగా తల వంచుకుని మాష్టారు, ముందు తాడు చుట్టలతో నేనూ అభిరామ్. చుక్క అర కిలోమీటరే గానీ కాలవ మెలికలు తిరిగి మూడు కిలోమీటర్లు తిప్పింది. రెండు చోట్ల ఇంజన్‌కి వేళ్ళు చుట్టుకున్నాయి. విడదీసేసరికి నా ప్రాణం పోయింది. నీళ్ళు మాతోపాటే లోపలికి ఎగదన్నుతున్నాయి. ఒడ్డున మడ వేళ్ళు ఒక్కొక్కటీ మునిగిపోతుంటే చూడలేక వాచీ చూసుకున్నాను. పదీ ఇరవై ఐదు.

యలమంద ఉన్నట్టుండి అడిగాడు. "ఇంతకీ ఆ బాబు నీకేమవుతాడయ్యా?"

మాష్టారి తల ఇంకా వంగింది. అభిరామ్ నీళ్ళకేసి చూశాడు. నవాజ్ తలెత్తాడు. తన ఎదురుగా ఎవరు కూర్చున్నారో అతనికి తెలుసు, రేవులో నేనే చెప్పాను.

"నావాడు," అన్నాడు. "ఆరేళ్ళ నుంచి నావాడు."

"అట్టా చెప్పు," అన్నాడు యలమంద. "గట్టిగా పట్టుకో, మలుపొచ్చింది."

పదీ ముప్పై ఐదుకి మంచె కనపడింది. మనిషి జాడ లేదు. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళలో నిలబడ్డ చెట్లు. ఇంజన్ ఆపించాను.

"శ్రీవత్సా!" మాష్టారు లేచి నిలబడి పిలిచారు. "నాన్నా, నేనురా!" మళ్ళీ పిలిచారు. మూడోసారీ పిలిచారు. అభిరామ్ విజిల్ ఊదాడు. చెట్లలోంచి కొంగ ఒకటి లేచిపోయింది. అంతే.

నవాజ్ పడవ అంచు పట్టుకుని లేచాడు. "మంచె మెట్లు ఎటున్నాయి ఆంటీ?"

"నీ ఎడమ చేతికి."

అటు తిరిగి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. "వత్సా! ఒరేయ్ వత్సా! వచ్చానురా!"

తిల్ల చెట్ల వెనకనుంచి, నీళ్ళు మింగుతూ మాట్లాడే గొంతు. "నవాజ్... బతికే ఉన్నావా?"

"ఉన్నాన్రా! కదలకు!"

తర్వాత మళ్ళీ ఆ గొంతు, భయంగా, మెల్లగా.

"పక్కన... ఎవరున్నారు?"

మెడ దాకా నీళ్ళొచ్చినా అదే ప్రశ్న. ఆరేళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు పలకరించే ముందు ఎన్ని వందలసార్లు అడుక్కున్నారో! తండ్రికి తను చెప్పేసినా నవాజ్ ఒప్పుకోలేదు, అందుకే ఆయన పిలిస్తే పలకలేదని నాకు అర్థమైంది. మాష్టారికీ అర్థమైంది, కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూలబడ్డారు.

నవాజ్ పొక్కిపోయిన చేతులతో కట్టు కిందనుంచి కారుతున్న కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

"అందరూ ఉన్నార్రా!" అని అరిచాడు. "మీ నాన్నగారున్నారు, పోలీసులున్నారు, పడవ తాతున్నాడు. అందరికీ చెప్పేశాను!"

యలమంద కొమ్మలు తప్పించి పడవ ముందుకి తోశాడు. అప్పుడు కనపడింది. ముప్పై గజాల అవతల, వెనక్కి వాల్చిన మొహం ఒక్కటే నీళ్ళ మీద ఉంది. పెదాల దాకా వచ్చేసింది. మాకూ అతనికీ మధ్య అంతా తిల్ల చెట్లే, పడవ దూరే సందు లేదు. అభిరామ్ చొక్కా విప్పి నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. పదీ ముప్పై ఎనిమిది. పోటు ఇంకా నలభై రెండు నిమిషాలు ఎక్కుతుంది.

"నిజంగా చెప్పేశావా?" అన్నాడు శ్రీవత్స.

"నిజంగా!"

"అయితే రా," అన్నాడు. "త్వరగా రా, నవాజ్. నాకు చావాలని లేదు."